‘చిన్నప్పటి నుంచీ ఉన్న అలర్జీ’ అని వీఏ కొట్టేసిన ముక్కు క్లెయిమ్: అప్పీల్ ఎలా వెయ్యాలి?

‘అన్నా’ అని అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ కథలో ఈ ప్రశ్నకు పనికొచ్చే సంగతులు ఇవి. గుంటూరులో పుట్టి పెరిగావు. ఎంఎస్ చదవడానికి అమెరికా వచ్చి, తర్వాత ఆర్మీలో చేరావు. కొన్నాళ్లు టెక్సాస్‌లో, ఆపైన తొమ్మిది నెలలు కువైట్‌లో పనిచేసి 2020లో బయటికొచ్చావు. కువైట్‌లో మొదలైన ముక్కుదిబ్బడ ఇప్పటికీ ఏడాది పొడుగునా వదలడం లేదు. సర్వీసులో వచ్చిన జబ్బుకి పరిహారం ఇమ్మని వీఏకి, అంటే అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖకి, క్లెయిమ్ వేస్తే వాళ్లు పంపిన డాక్టరు ‘చిన్నప్పుడు కూడా తుమ్ములు వచ్చేవా’ అని అడిగాడు. మిర్చి సీజన్లో వచ్చేవి, వయ్యారిభామ పూసినప్పుడు వచ్చేవి అని ఉన్నదున్నట్టు చెప్పావు. ఏడు నెలల కిందట ఉత్తరం వచ్చింది: ఇది సీజనల్ అలర్జీ, సర్వీసులో చేరకముందే ఉంది, కాబట్టి ఇవ్వం. ఇప్పుడు జడ్జి దగ్గరికి వెళ్లాలా, వచ్చే పది శాతానికి (జబ్బు తీవ్రతను బట్టి వీఏ ఇచ్చే రేటింగు ఇది, పరిహారం దీని మీదే ఆధారపడుతుంది) ఇంత తిప్పలు అవసరమా అని అడిగావు.

నేను ఆర్మీలో చేసి రిటైరయ్యాక ఒక వెటరన్ల (మాజీ సైనికుల) సంస్థ తరఫున ఇలాంటి ఫైళ్లు చూస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. జడ్జి దగ్గరికి ఇప్పుడే వెళ్లకు. కొత్త ఆధారాలతో సప్లిమెంటల్ క్లెయిమ్ (అదే క్లెయిమ్‌ని మళ్లీ చూడమనే దరఖాస్తు) వెయ్యి, ఉత్తరం తేదీ నుంచి ఏడాది గడువు దాటకముందే వెయ్యి. ఆ పది శాతం వదులుకోదగ్గది కాదు. ఎందుకో కింద చెప్తాను.

చాలామంది ఉత్తరం రాగానే తమకు రోగం ఎంత ఎక్కువగా ఉందో రుజువు చెయ్యడానికి పరుగెడతారు. ముక్కు స్కానింగులు, మందుల బిల్లులు దొంతర్లు దొంతర్లు పంపుతారు. నీ ఉత్తరంలో రోగం లేదని ఎవరూ అనలేదు కదా! ‘ముందే ఉంది’ అన్నారు, ‘సీజనల్’ అన్నారు. నువ్వు జవాబు చెప్పాల్సింది ఆ రెండు మాటలకే. అప్పీల్ రాసే ముందు ఉత్తరంలో ‘నిర్ణయానికి కారణాలు’ అన్న పేరా, ఒప్పుకున్న అంశాల జాబితా తీసి నిదానంగా చదువు. అప్పీళ్లకు కొత్త పద్ధతి వచ్చాక, అంటే 2019 ఫిబ్రవరి 19 నుంచి, నీకు అనుకూలంగా తేలిన అంశాలు కూడా వీఏ ఆ ఉత్తరంలో రాసి తీరాలి. నీ కువైట్ సర్వీసు, నీ డయాగ్నసిస్ ఆ జాబితాలో ఉన్నాయంటే సగం పని అయిపోయినట్టే. ఒకసారి ఒప్పుకున్న అంశాన్ని తర్వాత చూసే అధికారి, గట్టి ఆధారం లేకుండా, కాదనలేడు.

మొదటి మాట ‘ముందే ఉంది’ గురించి. చట్టం ప్రకారం సైన్యంలోకి తీసుకున్న మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనే లెక్క. చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో ఏదైనా లోపాన్ని డాక్టరు నమోదు చేస్తే, అదొక్కటే మినహాయింపు. కాబట్టి నువ్వు ముందుగా తెప్పించుకోవాల్సింది నీ చేరిక పరీక్ష కాగితాలు: 2808 అనే పరీక్ష ఫారం, దాంతోపాటు నువ్వే టిక్కులు పెట్టి ఇచ్చిన 2807-1. ఇక్కడొక తేడా ఉంది. 2807-1లో ‘హే ఫీవర్’ (పుప్పొడి అలర్జీ) పక్కన నువ్వు అవునని టిక్కు పెట్టినా, డాక్టరు తన పరీక్షలో ఏమీ కనిపించలేదని రాసుంటే, అది ‘నమోదైన లోపం’ కిందకి రాదు. వీఏ నిబంధన 3.304(బి) ఈ సంగతి స్పష్టంగానే చెప్తుంది: నువ్వు చెప్పుకున్న పాత చరిత్ర వేరు, పరీక్షలో తేలింది వేరు.

నమోదు కాలేదంటే భారం మొత్తం వీఏ మీద పడుతుంది. వాళ్లు రెండు విషయాలు నిరూపించాలి. ఒకటి, రోగం చేరకముందే ఉందని. రెండు, సర్వీసులో అది పెరగలేదని. రెండూ తిరుగులేని ఆధారంతో నిరూపించాలి. వాగ్నర్ వర్సెస్ ప్రిన్సిపీ కేసులో 2004లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది ఇదే. నీ ఉత్తరంలో మొదటిదాని గురించే రాశారు, రెండోదాని ఊసే లేదు. మొదటిదైనా దేని మీద నిలబెట్టారు? నువ్వు చిన్నప్పుడు తుమ్మానని చెప్పిన ఒక్క మాట మీద. మిల్లర్ వర్సెస్ వెస్ట్, 1998 చూడు. రికార్డులో వాస్తవాల ఆధారం లేకుండా తేల్చేసిన మాట, డాక్టరు రాసినదైనా సరే, తిరుగులేని ఆధారం కాదని వెటరన్ల కోర్టు అంది. ఆ డాక్టరుకి గుంటూరు తెలిసి ఉండదు పాపం. మిర్చి యార్డు పక్కనుంచి బస్సులో పోతూ తుమ్మనివాడు ఎవడున్నాడు? ఘాటుకి తుమ్మడం వేరు, అలర్జీ జబ్బు వేరు. వయ్యారిభామ పుప్పొడి మాత్రం నిజంగానే అలర్జీ తెప్పిస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా నీకు అప్పట్లో ఏ డాక్టరూ అలర్జిక్ రైనైటిస్ (అలర్జీతో ముక్కు లోపలి పొర వాయడం) అని చెప్పలేదు, మందు వాడలేదు అంటున్నావు కదా.

ఇక్కడ కొందరు ‘ఆ రోజు చెప్పింది తప్పు, చిన్నప్పుడు ఏమీ లేదు’ అని రాయించమంటారు. ఆ పని చెయ్యకు. మాట మారిస్తే నీ మిగతా మాటల విలువ కూడా పోతుంది. పైగా ఆ చిన్నప్పటి తుమ్ములు నీకు సాయపడతాయి కూడా. ఎలాగంటావా, అలర్జీ జబ్బుల కోసమే 3.380 అని ప్రత్యేకంగా ఒక నిబంధన ఉంది. చాలామంది వకీళ్లు కూడా దీన్ని దాటేస్తారు. అది చెప్పే విషయాలు మూడు. అలర్జీ జబ్బుల్ని ‘పుట్టుకతో వచ్చిన తత్వం’ అని యథాలాపంగా కొట్టెయ్యకూడదు. చేరకముందే ఉందనుకుంటే, చేరినప్పుడు ఎంత ఉండేది, తర్వాత ఎంత అయింది అని పోల్చి చూడాలి. సర్వీసులో పెరిగితే, అది జబ్బు సహజంగా పెరగడమే అని అలవాటుగా రాసి వదిలెయ్యకూడదు. నీ ఉత్తరంలో ఈ పోలిక ఎక్కడుంది? లేదు. అందుకని పోలికను నువ్వే చేసి వాళ్ల ముందు పెట్టు. ఊళ్లో ఉన్నప్పుడు ఏడాదికి కొద్ది రోజులు తుమ్ములు, మందు అక్కర్లేదు. ఇప్పుడు రోజూ స్ప్రే, రాత్రిళ్లు నోటితో ఊపిరి, వాసన తగ్గడం. ఈ తేడాను చూసినవాళ్లు రాయాలి.

అమ్మగారు రాయగలిగితే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. తెలుగులోనే రాసి సంతకం పెట్టమను. దానికి ఇంగ్లిష్ అనువాదం జతచేసి, అనువదించినవాళ్లు ‘ఇది సరైన అనువాదం’ అని సంతకం చెయ్యాలి. ‘మా అబ్బాయికి కువైట్ వల్లే అలర్జీ వచ్చింది’ అని రాయించకు. కారణం చెప్పడం డాక్టరు పని. ఆవిడ కళ్లారా చూసింది రాస్తే చాలు: ఏ నెలల్లో తుమ్మేవాడు, బడి మానేవాడా, ఆసుపత్రికి తీసుకెళ్లారా, సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఎలా ఉన్నాడు. నీ భార్య రాత్రిళ్ల గురించి రాయాలి. కువైట్‌లో నీతో గుడారం పంచుకున్నవాళ్లలో ఒకరు దుమ్ము తుపానుల గురించి, పీఎక్స్‌లో (ఆర్మీ దుకాణంలో) నువ్వు కొనుక్కున్న మాత్రల గురించి రాస్తే ఇంకా బలం. వీటికి 21-10210 అనే ఫారం ఉంది. సర్వీసు వైద్య రికార్డులో ముక్కు సంగతి ఎక్కడా లేదని భయపడకు. మనలో సగం మంది సిక్ కాల్‌కి (ఆర్మీ వైద్యుల దగ్గరికి) వెళ్లకుండా మాత్ర మింగి డ్యూటీకి పోయినవాళ్లమే. అప్పటి వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో తోటివాళ్ల సాక్ష్యాన్ని పక్కన పడెయ్యకూడదని బుకానన్ వర్సెస్ నికల్సన్, 2006 చెప్పింది.

రెండో మాట ‘సీజనల్’. ఇది చిన్నమాటలా కనిపిస్తుంది గానీ నీ కేసులో అసలు దెబ్బ దీనిదే. అదే 3.380లో ఇంకో వాక్యం ఉంది. అలర్జీ కారకం పోగానే తగ్గిపోయే సీజనల్ లక్షణాల్ని సాధారణంగా తాత్కాలిక జబ్బుగా, ఏమీ మిగల్చకుండా నయమయ్యేదిగా చూడాలని. డాక్టరు ‘సీజనల్’ అని రాశాడంటే ఆ వాక్యం కింద నిన్ను తోసేసినట్టే. నీకేమో ఏడాది పొడుగునా ఉంది. అందుకే ఈఎన్‌టీ దగ్గరికో అలర్జీ డాక్టరు దగ్గరికో వెళ్లి చర్మ పరీక్ష చేయించుకో. దుమ్ము పురుగులు, బూజు, బొద్దింకల వంటివాటికి పాజిటివ్ వస్తే అవి సీజన్ చూసి వచ్చేవి కావు, ఏడాదంతా ఇంట్లోనే ఉంటాయి. అన్నీ నెగెటివ్ వచ్చినా కంగారు లేదు. దుమ్ము, పొగ వంటి వాటికి రేగే అలర్జీ కాని రైనైటిస్ కూడా ఉంటుంది. వీఏ రేటింగ్ పట్టికలో అలర్జిక్, వాసోమోటర్ (అలర్జీ కాని రకం) రెండూ ఒకే కోడ్, 6522. పేరు ఏదైనా శాతం మారదు. కాగితం మీద ‘దీర్ఘకాలికం’ అన్నది ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఎందుకు ముఖ్యమంటే కువైట్. 2022 ఆగస్టు 10న సంతకమైన పాక్ట్ చట్టం (సర్వీసులో విషపు పొగలకు గురైన వెటరన్ల కోసం చేసినది) గురించి వినే ఉంటావు. 1990 ఆగస్టు 2 తర్వాత కువైట్, ఇరాక్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్, ఒమన్, యూఏఈ, సొమాలియాల్లోగానీ, 2001 సెప్టెంబరు 11 తర్వాత అఫ్గానిస్తాన్, జిబూటీ, జోర్డాన్, ఉజ్బెకిస్తాన్ వంటి చోట్లగానీ పనిచేసినవాళ్లకు దీర్ఘకాలిక రైనైటిస్, దీర్ఘకాలిక సైనసైటిస్, సర్వీసు తర్వాత బయటపడ్డ ఆస్తమా వంటివి వస్తే అవి సర్వీసు వల్లే వచ్చాయని చట్టమే అనుకుంటుంది. నువ్వు ఏ చెత్త కాల్చే గుంత పక్కన నిలబడ్డావో, ఎంత పొగ పీల్చావో రుజువు చెయ్యక్కర్లేదు. అక్కడ ఉన్నావని డీడీ-214లోనో (సర్వీసు వదిలేటప్పుడు ఇచ్చే కాగితం), పోస్టింగ్ కాగితాల్లోనో ఉంటే సరి. మొదట 2021 ఆగస్టులో వీఏ రైనైటిస్‌ని ఈ జాబితాలో చేర్చినప్పుడు సర్వీసు వదిలిన పదేళ్లలోపే కనిపించాలన్న షరతు ఉండేది. పాక్ట్ చట్టం ఈ రోగాలకు అలాంటి గడువు పెట్టలేదు. మరి నీ ఫైల్లో దీన్నెందుకు వాడలేదు? ‘సీజనల్’ అని, ‘ముందే ఉంది’ అని డాక్టరు రాసిన వాక్యం వల్లే. ఆ రెండు మాటలూ పడిపోతే కువైట్ తన పని తాను చేసుకుపోతుంది.

అంత మాత్రాన దాని మీద ఒక్కదాని మీదే కూర్చోకు. చట్టపు ఊహ దొరకకపోయినా సర్వీసుతో జబ్బుకి సంబంధాన్ని నేరుగా నిరూపించుకునే హక్కు నీకు ఎప్పుడూ ఉంటుంది, కోంబీ వర్సెస్ బ్రౌన్, 1994 నుంచీ ఇది స్థిరపడ్డ మాట. కాబట్టి ఈఎన్‌టీ డాక్టరు చేత అభిప్రాయం రాయించు. ఆయన నీ రికార్డులు, వీఏ డాక్టరు నివేదిక చదివానని రాయాలి. చిన్నప్పటి తుమ్ములకు, ఇప్పటి జబ్బుకు తేడా ఏమిటో చెప్పాలి. సర్వీసులో మొదలైంది, లేదా సర్వీసులో పెరిగింది అనడానికి యాభై శాతమైనా అవకాశం ఉందని, ఎందుకో కారణంతో సహా రాయాలి. యాభై-యాభై అయినా చాలు, సందేహం వస్తే వెటరన్‌కి అనుకూలంగా తేల్చాలన్నది చట్టం. కారణం లేని రెండు వాక్యాల సర్టిఫికెట్‌కి ఎన్ని డిగ్రీలున్న సంతకమైనా విలువ రాదు, నీవ్స్-రోడ్రిగ్జ్ వర్సెస్ పీక్, 2008 గుర్తుంచుకో. మన ఇళ్లల్లో ప్రతివాడికీ ఒక డాక్టర్ బావగారు ఉంటాడు. ఆయన చేత రాయించడం నేరమేమీ కాదు గానీ, నిన్ను పరీక్షించి చూసే ఈఎన్‌టీ రాసినదానికే బరువెక్కువ.

ఇక దారుల సంగతి. ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు మూడు దారులున్నాయి. 20-0995 ఫారంతో సప్లిమెంటల్ క్లెయిమ్: కొత్తది, సంబంధం ఉన్నది అయిన ఆధారం ఒక్కటైనా ఉండాలి. 20-0996తో హయ్యర్ లెవెల్ రివ్యూ: కొత్త కాగితం ఒక్కటి కూడా చూడరు, సీనియర్ అధికారి పాత ఫైల్నే మళ్లీ చదువుతాడు, కావాలంటే ఫోన్‌లో తప్పు ఎత్తి చూపించవచ్చు. 10182తో వాషింగ్టన్‌లోని వెటరన్ల అప్పీళ్ల బోర్డు: అక్కడ మళ్లీ నేరుగా తీర్పా, ఆధారాలు ఇచ్చి తీర్పా, జడ్జి ముందు హియరింగా అని ఎంచుకోవాలి. ఆధారాలిచ్చే పద్ధతిలో ఫారం అందిన దగ్గర్నుంచి 90 రోజులు, హియరింగ్ అయితే ఆ హియరింగ్ తర్వాత 90 రోజులు కాగితాలు తీసుకుంటారు.

నీ దగ్గర చర్మ పరీక్ష లేదు, ఈఎన్‌టీ అభిప్రాయం లేదు, అమ్మగారి ఉత్తరం లేదు. అవేమీ లేకుండా రివ్యూకి వెళ్తే అదే వాక్యం చదివి అదే జవాబిచ్చే ప్రమాదం ఉంది. బోర్డుకి వెళ్తే ఆలస్యం ఎక్కువ. పైగా వైద్య పరీక్ష సరిగా లేదని జడ్జి ఒప్పుకున్నా, చాలాసార్లు చేసేది ఫైల్‌ని మళ్లీ పరీక్షకి వెనక్కి పంపడమే. ఆ పరీక్షేదో సప్లిమెంటల్‌లోనే ముందు తెచ్చుకోవచ్చు కదా. ఒకవేళ ఉత్తరంలో కువైట్ సర్వీసు ఒప్పుకుని, ‘దీర్ఘకాలిక రైనైటిస్’ అన్న డయాగ్నసిస్ కూడా ఒప్పుకుని, అయినా పాక్ట్ చట్టం ప్రస్తావనే లేకుండా కొట్టేసి ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. అది చూడగానే కనిపించే తప్పు, దానికి రివ్యూ వేగంగా పనిచేస్తుంది. సప్లిమెంటల్ ఓడినా నష్టం లేదు. ప్రతి నిర్ణయం తర్వాత ఏడాదిలోపు ఏదో ఒక దారి పట్టుకుంటూ పోతే మొదటి క్లెయిమ్ తేదీ చెక్కుచెదరదు, గెలిచాక డబ్బు సాధారణంగా ఆ తేదీ నుంచే లెక్కేస్తారు. బోర్డులో ఓడితే వెటరన్ల క్లెయిముల అప్పీల్ కోర్టుకి వెళ్లడానికి 120 రోజులు.

వాట్సాప్‌లో బోర్డు తీర్పుల్ని ‘చూడండి, ఇతనికి ఇచ్చారు’ అని పంపేవాళ్లు ఉంటారు. చదువు, జడ్జిలు ఎలా ఆలోచిస్తారో తెలుస్తుంది. కానీ బోర్డు తీర్పు ఆ ఒక్క మనిషికే వర్తిస్తుంది, ఇంకో కేసులో దానికి కట్టుబడాల్సిన పని లేదు. నీ కాగితాల్లో పెట్టాల్సింది కోర్టు తీర్పులు, నిబంధనలు.

శాతం గురించి. 6522 కింద ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండలు) ఉంటే 30 శాతం. లేకపోతే రెండు రంధ్రాలూ సగానికి పైగా మూసుకుపోయి ఉండాలి, లేదా ఒకటి పూర్తిగా మూసుకుపోవాలి, అప్పుడు 10. మధ్యలో ఇంకేం లేదు. రోజుకి ఎన్ని తుమ్ములు, ఎన్ని మాత్రలు, ఎన్ని రాత్రులు నిద్రలేదు అన్నది ఈ పట్టికలో ఎక్కడా లేదు. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ పట్టిక అదే. అందుకని పరీక్షలో డాక్టరు ముక్కులోకి చూసి, ఎంత శాతం మూసుకుందో రాశాడా లేదా అన్నది నీకు ప్రాణం. ఈఎన్‌టీ దగ్గర ఎండోస్కోపీ చేయించుకున్నప్పుడు ఆ శాతం, పాలిప్స్ ఉన్నాయా లేవా అన్నది నోట్స్‌లో రాయమని అడుగు. ముక్కు, సైనస్‌లకు వీఏ వాడే పరీక్ష ఫారం వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, మీ డాక్టరు దాన్ని నింపవచ్చు. వీఏ పరీక్ష నీకు కాస్త తెరిపిగా ఉన్న నెలలో పడితే, ఎక్కువగా ఉండే కాలంలో మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడుగు. పెరిగీ తగ్గే జబ్బుల్ని పెరిగిన దశలో పరీక్షించాలని ఆర్డిసన్ వర్సెస్ బ్రౌన్, 1994 ఉంది. పరీక్ష కోసం మాత్రం మందులు మానెయ్యకు. పొద్దున ఏ స్ప్రే కొట్టావో, లేకపోతే ఎలా ఉంటుందో డాక్టరుకి చెప్పు.

సున్నా శాతం ఇచ్చి సర్వీసుతో సంబంధం మాత్రం ఒప్పుకున్నా దాన్ని ఓటమిగా చూడకు. ఆ జబ్బుకి వీఏ వైద్యం దొరుకుతుంది, తర్వాత ముదిరితే పెంచమని అడగడానికి పునాది పడుతుంది. 10 శాతం అంటే 2025 రేటులో నెలకు 175.51 డాలర్లు, 30 అయితే భార్యాపిల్లల్ని లెక్కలోకి తీసుకోకముందే 537.42, రెంటికీ పన్ను లేదు. నువ్వు ఇల్లు కొనాలనుకుంటున్నానన్నావు. పరిహారం అందుకునే వెటరన్‌కి వీఏ హోమ్ లోన్‌లో ఫండింగ్ ఫీజు (లోన్ తీసుకున్నందుకు కట్టే రుసుము) ఉండదు. ఆ ఒక్క లెక్క వేసుకుంటేనే పది శాతం విలువ తెలుస్తుంది. సైనసైటిస్ విడిగా నిర్ధారణ అయితే దానికి వేరే కోడ్, వేరే శాతం వస్తుంది. ముక్కుదిబ్బడ వల్ల స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) వచ్చిందనే క్లెయిములు కూడా చూస్తుంటాను. రైనైటిస్‌కి సర్వీసుతో సంబంధం తేలకముందే దాన్ని ఎత్తుకుంటే రెండూ చిక్కుపడతాయి, అది తర్వాత చూద్దాం.

సాయం కోసం డబ్బు కట్టకు. వెటరన్ల సంస్థల గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. గుర్తింపు ఉన్న లాయరు ఇప్పుడు, అంటే మొదటి నిర్ణయం వచ్చాక, ఫీజు తీసుకోవచ్చు. సాధారణంగా అది గెలిచిన బకాయిలో 20 శాతం. వీఏ జనరల్ కౌన్సెల్ కార్యాలయం వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే గుర్తింపు ఉందో లేదో తెలుస్తుంది. ‘గ్యారంటీగా 100 శాతం తెప్పిస్తాం, రాబోయే అయిదారు నెలల పెన్షన్ మాకివ్వాలి’ అనేవాళ్ల పేరు ఆ జాబితాలో సాధారణంగా ఉండదు.

ఈ వారం చెయ్యాల్సింది: 20-10206 ఫారంతో నీ పూర్తి ఫైలు కాపీ అడుగు, అందులోనే చేరిక పరీక్ష, వీఏ డాక్టరు నివేదిక వస్తాయి. అది రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఈలోపే ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకో, అమ్మగారికి ఫోన్ చెయ్యి. ఉత్తరం మీదున్న తేదీ నుంచి ఏడాది లెక్కేసి, దానికి నెల ముందు రోజుని నీ ఆఖరి రోజుగా పెట్టుకో. ఆ రోజుకి ఫైలు రాకపోయినా సరే, చేతిలో ఉన్న వైద్య అభిప్రాయం, సాక్ష్యాలతో 20-0995 వేసెయ్యి. అందులో రాయాల్సిన మాటలు: నిబంధన 3.380 కింద పోలిక చెయ్యలేదు, చేరినప్పుడు ఆరోగ్యవంతుడినన్న ఊహను తిరుగులేని ఆధారంతో తొలగించలేదు, కువైట్ సర్వీసుకి పాక్ట్ చట్టం వర్తింపజెయ్యలేదు.